జమాదారు విస్తరి

మా అత్తకు నేను నచ్చలేదు. ఆ సంగతి ఆమె దాచుకోనూ లేదు. నేను నల్లగొండ మిషన్ కంపౌండులో పెరిగినదాన్ని, బోర్డింగు బడిలో చదివినదాన్ని. కాపురానికి వెళ్ళిన మర్నాడు పొయ్యి ముందు కూర్చుంటే పొగకు నా కళ్ళు నీళ్ళు కారాయి. "కంపౌండు పిల్లకు పొయ్యి ఊదుడు గూడ నేర్పలేదా?" అంది. నేర్పలేదు. బోర్డింగులో వంటకు వేరే మనుషులుండేవాళ్ళు. ఆ మాట పైకి అన్నందుకు జొన్నలు విసిరే పని చాలా రోజులు నా ఒక్కదాని మీదే పడింది.

అత్తగారి ఊరు కట్టంగూరు నుంచి బండిబాట పట్టి పోతే వస్తుంది. ఊరికి ఓ పక్కగా విసిరేసినట్టు మా గూడెం. గూడెంలో అందరం క్రైస్తవులమే. మా మామ అక్కడ ఉపదేశి. మట్టిగోడలు, గడ్డికప్పు ఉన్న చిన్న గుడిలో ఆదివారం ప్రార్థన నడిపేవాడు, మిగతా రోజుల్లో అక్కడే పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. ఊరంతా ఆయన్ని పంతులు అనే పిలిచేది. నా భర్త నల్లగొండ దవాఖానలో కాంపౌండరు. సెలవు దొరికితే వచ్చేవాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు దొరకలేదు. ఇంట్లో ఉన్నది మామ, అత్త, నా మరిది, నేను. మరిదిది నా ఈడే. గుడిలో డోలకు వాయించేవాడు. అత్తకు లోకంలో ఎవరి మీదనైనా ముద్దు ఉందంటే ఆ చిన్న కొడుకు మీదే.

అది పోలీసు చర్య జరిగిన ఏడు. రజాకార్ల భయం ఉన్నప్పుడు ఊళ్ళో మగవాళ్ళంతా వడిసెలలు పట్టుకుని కాపలా కాశారు. అప్పుడు ఎవరూ కులం అడగలేదు. మా మరిది కాపోళ్ళ పిల్లల పక్కనే బురుజు మీద నిలబడ్డాడు. దొర పట్నం పారిపోయాడు. సంఘంవాళ్ళు అతని భూములు పంచితే మాకూ ఒక చెలక ముక్క వచ్చింది. రజాకార్లు పోయాక ఇంకేం భయం లేదనుకున్నాం. కానీ వెంటనే సాయుధ పోలీసులు వచ్చి దొర గడీలో క్యాంపు పెట్టారు. గుట్టల్లోకి వెళ్ళిన సంఘంవాళ్ళను పట్టుకోవడం వాళ్ళ పని. వాళ్ళ వెనకాలే దొర గుమాస్తా నెత్తిన తెల్లటోపీతో దిగాడు. మా చెలకలో జొన్న నడుమెత్తు ఉంది. అతను గట్టు మీద నిలబడి, "కోతకు మీరు రావద్దు. మేమే కోసుకుంటం" అని చెప్పి పోయాడు.

ఆ రోజు నుంచి ఊరు మా వైపు చూడటం మానేసింది. మామతో బురుజు మీద రాత్రులు కూర్చున్నవాళ్ళే ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాళ్ళు. పండుగకు బెల్లం కొందామని వెళితే దుకాణాయన నా మొహం కూడా చూడకుండా, "గడీల ఎరుకైతే నా దుకాణం మూతవడ్తది. ఇంకోతానికి పో" అన్నాడు. ఇంకో దుకాణం ఆ ఊళ్ళో లేదు. మామ నార్కట్‌పల్లి దాకా నడిచిపోయి బెల్లం తెచ్చాడు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను మామ ఆగమన కాలం అనేవాడు. మా ఇంట్లో తలుపుకు ఎదురుగా ఉన్న గోడకు నాలుగు గూళ్ళుండేవి. మొదటి ఆదివారం ఒక గూట్లో ఆముదం దీపం పెట్టేవాళ్ళం. తర్వాతి ఆదివారం రెండు గూళ్ళలో. అట్లా పండుగ దగ్గరయ్యే కొద్దీ ఆ గోడ నిండుతూ వచ్చేది. వెలిగించేది అత్తే. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. గోడలకు సున్నం వేయడం, అరుగులు ఎర్రమట్టితో అలకడం, అరిసెల పిండి దంచడం మాత్రం నా వంతు. నేను నల్లగొండ నుంచి నక్షత్రం చేద్దామని ఎర్ర కాగితం తెచ్చుకున్నాను. కంపౌండులో ప్రతి ఏడూ చేసేవాళ్ళం. అత్త దాన్ని చూసింది. మారు మాట లేకుండా తీసి పొయ్యిలో పెట్టింది.

"ఎర్రది కండ్లవడ్డదంటే గుడిసె కాలవెడ్తరు. గంత సోయి లేదా నీకు?" అంది.

నాకు నిజంగానే లేదు. ఆ కోపంతో ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె అది గమనించినట్టు కూడా లేదు.

మాకు అన్నిటికంటే చేటు తెచ్చింది మాత్రం ఎర్ర కాగితం కాదు, ఒక మాట. చర్చిని మేం సంఘం అంటాం. సంఘం కూడింది, సంఘానికి పోయొస్తాం, సంఘపెద్ద వచ్చాడు. ఇవి ఊహ తెలిసినప్పటి నుంచి మా నోట్లో ఉన్న మాటలు. దొరల మీద తిరగబడ్డవాళ్ళదీ సంఘమే. ఊరివాళ్ళకు ఈ తేడా తెలుసు. బయటి నుంచి వచ్చిన పోలీసులకు తెలియదు. అందుకే మొదటి ఆదివారమే మామ గుడిలో అందరికీ చెప్పాడు: "గుడి అనుండ్రి, ప్రార్థన అనుండ్రి. గా మాట మటుకు బయట అనకుండ్రి."

రెండో ఆదివారం మరిది పక్క ఊరి గూడేనికి డోలకు వాయించడానికి వెళ్ళాడు. ఆగమన కాలంలో ఒక్కో వారం ఒక్కో ఊళ్ళో ఇంటి ప్రార్థన పెట్టుకునే వాడుక ఉండేది. పొద్దు వాలేలోగా ఇల్లు చేరాలని క్యాంపు ఉత్తర్వు. తిరిగి వస్తుంటే వాగు దగ్గర పోలీసులు ఆపారు. అతని వెంట మా గూడెం మనిషే ఇంకొకాయన ఉన్నాడు. వాళ్ళను చూడగానే ఆయన జొన్నచేలోకి దూరి నక్కాడు. జరిగింది ఆయనే వచ్చి చెప్పాడు.

పోలీసులకు పెద్ద జమాదారు. అతనే అడిగాడట: "సంఘంలో ఉన్నావా?"

"ఉన్న."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పుట్టినప్పటి సంది."

డోలకు లాక్కుని వాగులో పడేసి, మరిదిని గడీకి నడిపించుకుపోయారు.

మామ రోజూ గడీ దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. కాపలా పోలీసు తరిమేవాడు. చివరికి ఒకరోజు జమాదారు లోపలికి పిలిచి స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం మామ మొహం తేటగా ఇంటికి వచ్చాడు.

"గుంటూరు దిక్కు మనిషట. మనోడే. క్రైస్తవుడు. నన్ను అయ్యగారూ అని పిలిచిండు. విచారణ జేసి ఇడుస్తనన్నడు" అన్నాడు.

అత్త చాటలో బియ్యం చెరుగుతోంది. "మనోడైతే పిల్లగాడేడి?" అంది.

మూడో ఆదివారం వచ్చింది. అత్త దీపాల దగ్గరికి పోలేదు. ప్రార్థన వేళకు మామే లేచి మూడు గూళ్ళలో వత్తులు ముట్టించాడు. అత్త వెనకే వెళ్ళి మూడింటినీ ఊది ఆర్పేసింది. "నా కొడుకు ఇంటికొచ్చినంక ఎలిగించు" అంది. చీకట్లోనే మామ ప్రార్థన చెప్పాడు. ఆమేన్ అన్నది నేనొక్కదాన్నే.

నాలుగో ఆదివారానికి ముందు ఇద్దరు పోలీసులు మరిదిని తెచ్చి గూడెం మొదట్లో వదిలిపోయారు. నడిచే వచ్చాడు. కానీ కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని వచ్చాడు. వేళ్ళు ఏవి ఎటు తిరిగి ఉన్నాయో తెలియనంత వాచిపోయాయి. నల్లగొండ దవాఖానకు తీసుకుపోవాలంటే క్యాంపు చీటీ కావాలి. క్యాంపువాళ్ళు ఇవ్వలేదు. కంపౌండులో కట్లు కట్టడం కొంత చూసినదాన్ని కనుక వెదురు బద్దలు చెక్కి, నా పాత చీర చింపి నేనే కట్టాను. కట్టు బిగిస్తుంటే అతను పైకప్పు వైపు చూస్తూ పళ్ళు బిగబట్టాడు. అత్త ఏడవలేదు. నా పక్కన కూర్చుని, నేను చెయ్యి చాపినప్పుడల్లా ఒక బద్ద అందించింది. ఆ ఇంట్లో ఆమె నన్ను తిట్టకుండా నా పక్కన కూర్చోవడం అదే మొదలు.

పండుగ ఆరాధనకు అనుమతి కావాలి. నలుగురు ఒకచోట కూడితే నేరమని అప్పటికి కొత్త ఉత్తర్వు వచ్చింది. మామ మళ్ళీ గడీకి వెళ్ళాడు. జమాదారు వెంటనే ఒప్పుకున్నాడు.

"పెట్టుకోండి అయ్యగారూ. నేనూ వస్తాను. క్రిస్మస్ నాడు గుడికి వెళ్ళకుండా నేనెప్పుడూ లేను" అన్నాడట.

మామ ఆ మాట చెప్పగానే అత్త, "వాడు గుడికొస్తే నేను రాను" అంది. కానీ పండుగ నాడు పొద్దున్నే అందరికంటే ముందు తలస్నానం చేసి, కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి గోడ వారగా కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది.

జమాదారు నిజంగానే వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. తుపాకీని గోడకు ఆనించాడు. వెంట వచ్చిన ఇద్దరు పోలీసులు మాత్రం తుపాకులతోనే తలుపు దగ్గర నిలబడ్డారు. చిన్న గుడి. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. పాట మొదలైంది. మేమంతా గొంతులోనే పాడుతున్నాం. అతను మాత్రం గుండెల నిండా గాలి పీల్చి పాడాడు. మంచి గొంతు. రాగం మాది కాదు, వాళ్ళ వైపుది. ప్రతి చరణంలోనూ మా అందరికంటే ముందు పోయేవాడు. మేము వెనక పడేవాళ్ళం. మా పండుగ పాటను మా గుడిలోనే అతను లాక్కుపోతున్నట్టనిపించి నాకు ఒళ్ళు మండింది. నేను పాడటం ఆపేశాను.

పాట అయ్యాక అతను చుట్టూ చూశాడు. "డోలకు లేదా అయ్యగారూ? డోలకు లేకపోతే పాట చప్పగా ఉంది" అన్నాడు.

మామ తల దించుకుని పుస్తకం పుటలు తిప్పాడు. మరిది గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. అతను ఎవరి చెయ్యి విరిచాడో ఆ మనిషి తన ఎదురుగా కూర్చున్నాడని జమాదారుకు గుర్తుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గుర్తుండి అడిగినా, గుర్తు లేక అడిగినా నాకు ఒకటే. ఆ తర్వాత మామ శత్రువులను క్షమించడం గురించి చాలాసేపు చెప్పాడు. చెప్తున్నంతసేపూ అత్త ఆయన్నే కళ్ళార్పకుండా చూసింది.

ఆరాధన అయ్యాక గూడెమంతా కలిసి తినడం మా ఆచారం. ప్రతి ఇంటి నుంచి బియ్యం పోగుచేసి, అందరం కలిసి యాటను కోసి, మా ఇంటి ముందు పందిరి కింద వండుతాం. మోదుగాకు విస్తళ్ళు వేశాం. మామ జమాదారును పిలిచి వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మరిది వాళ్ళకు దూరంగా, వరస చివర కూర్చున్నాడు.

కొత్త కోడలు వడ్డించాలి. అన్నం తట్ట పట్టుకుని నేను వరస మొదటి నుంచి పెట్టుకుంటూ వచ్చాను, నా వెనకే ఇంకొకామె కూర వేస్తూ వచ్చింది. జమాదారు ముందుకు వచ్చేసరికి గడప మీది నుంచి అత్త గొంతు వినిపించింది.

"గా ఇస్తారి దాటు."

నేను ఆగాను. మామ తలెత్తి నన్ను చూశాడు. "పెట్టు బిడ్డా" అన్నాడు మెల్లగా.

"దాటుమన్ననా లేదా?"

"పండుగ పూట అన్నం పెట్టకుండ ఉంటమా? పెట్టు బిడ్డా."

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. అత్త అంటే భయపడి చేశానని తర్వాత చాలామంది అన్నారు. అది నిజం కాదు. మామ అంటే నాకు గౌరవం. ఆ ఇంట్లో మొదటి నుంచీ నన్ను బిడ్డా అని పిలిచింది ఆయనొక్కడే. కానీ విరిగిన వేళ్ళకు బద్దలు కట్టింది నేను. ఆ వేళ్ళు నా చేతుల్లో ఎట్లా కదిలాయో నాకు తెలుసు. ఆ మనిషికి అన్నం పెట్టడం నాకే ఇష్టం లేదు. నేను విస్తరి దాటి పక్కనున్న ముసలాయనకు పెట్టాను.

జమాదారు ఖాళీ విస్తరి చూసుకున్నాడు. అతని మొహం ఎర్రబడింది. "నేనూ క్రైస్తవుణ్ణేనమ్మా" అన్నాడు నాతో.

జవాబు అత్త చెప్పింది. గడప దిగి పందిరి కిందికి వచ్చింది. "క్రైస్తవునివైతే సంఘమంటే గుడి అని నీకు ఎరుకలేదా? మీ ఊర్ల ఏమంటరు? నా కొడుకు సంఘంల ఉన్న అంటే ఏ సంఘమో నీకు సమజ్ గాలేదా?"

"తెలుసు."

"ఎరుకుండి గూడ గొట్టినవా?"

"మీవాడు ఆ రెండో సంఘంలో కూడా ఉన్నాడని మాకు చెప్పారు."

"ఎవరు చెప్పిన్రు?"

జమాదారు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. తెల్లటోపీ గుమాస్తా రోజూ గడీలోనే కూర్చుంటున్నాడని అందరికీ తెలుసు.

"నా ఉద్యోగం నేను చేశాను" అన్నాడు అతను.

"ఉద్యోగం జేసెటోళ్ళకు క్యాంపుల పెడ్తరు బువ్వ. గాడికి పోయి తిను."

అతని వెంట వచ్చి పందిరి బయట నిలబడ్డ పోలీసులిద్దరూ లోపలికి రెండడుగులు వేశారు. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. జమాదారు చేత్తో వాళ్ళను ఆగమన్నాడు. అప్పుడు మామ తన ముందున్న విస్తరిని, అన్నం కూరతో సహా, రెండు చేతులా ఎత్తి జమాదారు ముందు పెట్టాడు. అతని ఖాళీ విస్తరిని తన ముందుకు లాక్కున్నాడు.

అతను లేచి పోతాడనుకున్నాం. పోలేదు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తినడం మొదలుపెట్టాడు. మెల్లగా, తల ఎత్తకుండా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. అతను తింటున్నంతసేపు వరసలో ఇంకెవరూ ముద్ద ఎత్తలేదు. ఆకలితో ఏడ్చిన పసిపిల్లవాడి నోటికి తల్లి చెయ్యి అడ్డం పెట్టింది. తిన్న తర్వాత విస్తరి మడిచి తనే తీసుకుపోయి పారేసి, చెయ్యి కడుక్కున్నాడు. "వస్తానయ్యగారూ" అని బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కూర అప్పటికి చల్లారి నెయ్యిలా పేరుకుంది. మేము అట్లాగే తిన్నాం.

కొత్త సంవత్సరం రాకముందే పోలీసులు వచ్చి గుడి ఖాళీ చేయమన్నారు. క్యాంపు సామాను పెట్టుకోవడానికి జాగా చాలడం లేదన్నారు. బల్లలు, పలకలు, గంట తెచ్చి మా ఇంటి ముందు పడేశాం. నిజంగానే వాళ్ళకు జాగా చాలక తీసుకున్నారని మామ అన్నాడు. జమాదారు పగబట్టి తీసుకున్నాడని అత్త అంది. ఏది నిజమో మేం తెలుసుకోలేకపోయాం. జొన్న కోతకొచ్చింది. గుమాస్తా మనుషులు వచ్చి కోసుకుపోయారు. మేము గట్టు మీదికి కూడా పోలేదు.

ఆ పండుగ తర్వాత అత్తమామలు నేరుగా మాట్లాడుకోవడం మానేశారు. "నేను గుడిల చెప్పిన మాటను పందిరి కింద మన్నుల గలిపింది" అని ఆయన నాతో అన్నాడు. "మీ మామకు చెప్పు, కొట్టిచ్చుకున్నది ఆయన చెయ్యి గాదు" అని ఆమె నాతో అంది. ఇద్దరి మాటలూ నేనే అటూ ఇటూ మోశాను. మామ నన్ను బిడ్డా అని పిలవడం కూడా ఆపేశాడు. పేరు పెట్టి పిలిచేవాడు. అత్త మాత్రం కంపౌండు పిల్ల అనడం మానింది.

ఒక మధ్యాహ్నం మరిది కట్టు మార్చడానికి కూర్చున్నాను. వాపు పోయింది కానీ రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. అతను తన చేతినే చూసుకుంటూ అన్నాడు: "నాకోసమే గదా వదినె మీరంత కొట్లాడుకునేది? నన్నొక్కలు గూడ అడగకపోతిరి."

"అడిగితే ఏం చెబుదువు?"

"అన్నం పెట్టుమందును. పెట్టి, నా ఎదురుంగ కూసోబెట్టుమందును. నా చెయ్యి సూసుకుంట తినాలె వాడు. గట్లయితే తెలుస్తుండె."

అతను గొంతు తగ్గించాడు. "జమాదారు అబద్ధం జెప్పలే. గుట్టకు రొట్టెలు మోసిన నేను. రెండు సంఘాలల్ల ఉన్న."

"ఎవరు కాల్చిచ్చిన్రు రొట్టెలు?"

"అమ్మ. నాయినకు తెల్వదు. ఎంత కొట్టినా గా మాట నేను చెప్పలే."

పొయ్యి దగ్గర అత్త వీపు మాకు కనిపిస్తూనే ఉంది. మా మాటలు ఆమెకు వినిపించే ఉంటాయి. ఆమె తిరిగి చూడలేదు. నేను కట్టు ముడి వేశాను. తుపాకుల ముందు నిలబడి జమాదారును నిలదీసినప్పుడు ఆమె కడుపులో ఎంత దాచుకుని మాట్లాడిందో అప్పుడు తెలిసింది నాకు. మామకు నేను చెప్పలేదు. ఆయన బతికి ఉన్నంతకాలం ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

ఎండలు ముదరక ముందే జమాదారుకు బదిలీ అయింది. అతని చోట ఇంకొకడు వచ్చాడు. వాడికి మా పాటలు కూడా రావు. మరిది ఆ వానాకాలం ఇల్లు వదిలి పట్నం పోయి ఒక తోటలో కాపలా పనికి కుదిరాడు. డోలకు మళ్ళీ ముట్టలేదు.

మరుసటి ఆగమన కాలం వచ్చేసరికి గుడి ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది. ఆరాధనలు మా ఇంట్లోనే జరిగాయి. నాలుగు ఆదివారాలూ అత్త దీపాలు వెలిగించి, మామ పుస్తకం తెరవగానే లేచి బయటికి పోయి వీధి వైపు మొహం పెట్టి అరుగు మీద కూర్చుంది. పండుగ నాడు మళ్ళీ విస్తళ్ళు వేశాం. మళ్ళీ నేనే వడ్డించాను. ఆ ఏడు వరసలో పోలీసులెవరూ లేరు. అయినా తింటున్నంతసేపు ఒక్కరూ మాట్లాడలేదు.